వాక్యానికి ముందు మొట్టికాయ: ఒక డెస్క్‌టాప్ మరమ్మతు డైరీ

జూన్ 7, శనివారం

నీటికాసుల వల్ల నాన్నగారికి చూపు బాగా తగ్గిపోయినప్పటి నుంచి, చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఆయనకు పత్రికలు చదివి వినిపిస్తోంది. ఉబుంటు 24.04 అనే లినక్స్, తెర మీది అక్షరాలను చదివే ఓర్కా అనే స్క్రీన్ రీడర్, తెలుగు పలికే ఈస్పీక్ ఎన్‌జీ, బోర్డు వెనుక ఆకుపచ్చ జాక్‌కు తగిలించిన రెండు చిన్న పవర్డ్ స్పీకర్లు, ఇంతే సరంజామా. జీవితమంతా తెలుగు పాఠం చెప్పిన మనిషి కనుక ఈస్పీక్ ఉచ్చారణ మీద ఆయనకు మొదటి రోజు నుంచీ ఫిర్యాదులున్నాయి గాని, ఈ వారం వచ్చిన ఫిర్యాదు వేరు.

"అమ్మాయీ, నీ కంప్యూటరు నాకు మొట్టికాయ వేసి మరీ పాఠం మొదలుపెడుతోంది" అన్నారు.

పక్కన కూర్చుని విన్నాను. నిజమే. కాసేపు నిశ్శబ్దంగా ఉన్న తరువాత ఏ కీ నొక్కినా ముందు స్పీకర్లలో 'టప్'మని చప్పుడు వచ్చి, ఆ వెంటనే మాట మొదలవుతోంది. మాట ముగిసిన కొద్ది సెకన్లకు, గదిలో ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, మళ్లీ 'టప్'మంటోంది. చప్పుడుతో పోయేదైతే ఈ డైరీ రాయవలసిన పని ఉండేది కాదు. చప్పుడుతోపాటు మొదటి అక్షరం మాయమైపోతోంది. నేను వింటుండగానే "అసంపూర్తిగా ముగిసిన చర్చలు" అన్న శీర్షికను కంప్యూటరు "సంపూర్తిగా ముగిసిన చర్చలు" అని చదివింది. తెలుగులో, సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో, కాదనే అర్థాన్ని మోసేది చాలాసార్లు మొదటి 'అ' ఒక్కటే. అసాధ్యం సాధ్యమైపోతే, అస్వస్థత స్వస్థతైపోతే, చూపు లేని మనిషికి సరిచూసుకునే దారి లేదు. చర్చలు ఫలించాయన్న నమ్మకంతో నాన్నగారు అప్పటికే ఫోనులో ఇద్దరు మిత్రులకు ఆ కబురు చెప్పేశారని తరువాత తెలిసింది.

మొదట నా అనుమానం ఎర్తింగ్ మీదకు పోయింది. ఆదివారం అయితే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక మధ్యాహ్నమే ఎంఆర్‌టీఎస్ రైలెక్కి చింతాద్రిపేటలో దిగి నడిచి వెళ్లాను. కౌంటరు మీది కుర్రవాడు నా వర్ణన సగం వినగానే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు, నేనూ మారు మాట్లాడకుండా కొనేశాను. ఇంటికి వచ్చి తగిలిస్తే చప్పుడు కొంచెం మెత్తబడింది తప్ప పోలేదు; పైగా స్పీకర్ల గొంతులో ఉన్న కాస్త బరువూ పోయి రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు తయారైంది. ఆ డబ్బాలో ఉండేది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. ఎర్తింగ్ తేడాల వల్ల వచ్చే ఎడతెగని 'గుమ్' శబ్దానికి అది మందు గాని, సిగ్నల్ తీగ మీదే వచ్చే ఒక్క కుదుపును అది ఆపలేదు, దాటించి పంపుతుంది. ఈ సంగతి దుకాణానికి వెళ్లక ముందే ఆలోచించి ఉండవలసింది. ఐసోలేటర్ సొరుగులోకి చేరింది.

జూన్ 8, ఆదివారం

ఈ రోజు బుద్ధి తెచ్చుకుని చప్పుడును వదిలేసి నిశ్శబ్దాన్ని కొలిచాను. ఓర్కాను ఆపి, ఒక సెకను నిడివి ఉన్న శబ్దపు ఫైలును టెర్మినల్ నుంచి వినిపిస్తూ, స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేసి, ఆ రికార్డును శబ్దాన్ని గీతగా చూపే ఆడాసిటీ అనే ప్రోగ్రాములో తెరిచి, శబ్దం ఆగిన చోటి నుంచి రెండో 'టప్' దాకా ఎంత దూరమో పదిసార్లు చూశాను. పదిసార్లూ ఆరు సెకన్లే, అటూ ఇటూ కొద్ది తేడాతో. తీగ వదులైనా, ఎర్తింగ్ లోపమైనా, పక్కింటి మోటారు ఆన్ అయినా ఇంత నికరంగా గంట కొట్టినట్టు రాదు. ఎక్కడో ఒక గడియారం నడుస్తోందన్నమాట. అదే స్పీకర్లకు నా ఫోను తగిలించి చూస్తే ఏ చప్పుడూ లేదు కనుక గడియారం ఉన్నది కంప్యూటరు లోపలే.

ఈ కాలపు డెస్క్‌టాప్ బోర్డుల మీది శబ్ద వ్యవస్థ 2004లో ఇంటెల్ తీసుకొచ్చిన హై డెఫినిషన్ ఆడియో పద్ధతిలోనిది. అంతకు ముందున్న ఏసీ 97 స్థానంలోకి వచ్చింది. అందులో కంట్రోలరు చిప్‌సెట్‌లో ఉంటుంది, అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే కోడెక్ అనే చిన్న చిప్పు జాక్‌ల దగ్గర ఉంటుంది, నా బోర్డు మీద అది రియల్‌టెక్ వారిది. పని ఉన్నప్పుడు కోడెక్ డీ0 అనే పూర్తి మెలకువ స్థితిలోనూ, పని లేనప్పుడు డీ3 అనే నిద్ర స్థితిలోనూ ఉండేలా, దాన్ని నడిపే ప్రోగ్రామైన డ్రైవరు చూసుకోవచ్చు. ఎంతసేపు పని లేకపోతే నిద్రపుచ్చాలో లినక్స్‌లో ఎస్ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ అనే డ్రైవరు మాడ్యూల్‌కు ఉన్న 'పవర్ సేవ్' పరామితి చెబుతుంది. సెకన్లలో ఉండే ఆ విలువ సున్నా అయితే నిద్రే లేదు.

నా యంత్రంలో చదివితే ఆ విలువ 1 అని ఉంది. కొలిచింది ఆరు సెకన్లు. మిగిలిన అయిదు ఎక్కడివి? దీనికి జవాబు వైర్‌ప్లంబర్ దగ్గర దొరికింది. శబ్దాన్ని పంచిపెట్టే పైప్‌వైర్‌కు మేస్త్రీలాంటి ఈ ప్రోగ్రాము, ఏ శబ్ద పరికరమైనా 5 సెకన్లపాటు ఊరికే ఉంటే దాన్ని మూసేస్తుంది. అది మూసిన తరువాతే డ్రైవరు తన లెక్క మొదలుపెడుతుంది. 5 కు 1 కలిపితే 6. లెక్క కుదిరిందని సంబరపడకుండా, లినక్స్‌లో శబ్ద పరికరాలను నడిపే ఆల్సా తన పరికరాల స్థితి రాసిపెట్టే ఫైలును సెకనుకోసారి తెర మీద చూపే ఏర్పాటు చేసుకుని చూశాను. శబ్దం ఆగిన అయిదో సెకనుకు 'క్లోజ్డ్' అన్న మాట కనిపించింది, ఒక సెకను ఆగి స్పీకరులో 'టప్' వినిపించింది. అప్పుడు పవర్ సేవ్‌ను 60 చేశాను. 'క్లోజ్డ్' అయిదో సెకనుకే వచ్చింది, చప్పుడు మాత్రం అరవై అయిదో సెకను దాకా రాలేదు. ఫోను గడియారం చేత్తో పట్టుకుని మంచం మీద కూర్చుని నిమిషం పైగా ఒక చప్పుడు కోసం ఎదురుచూసి, అది సరిగ్గా వేళకు వచ్చేసరికి పండగలాగా అనిపించిన మాట నిజం.

ఈ మధ్యలో నన్ను గంటసేపు ఏడిపించిన ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. కోడెక్ నిద్రలో ఉందో లేదో చూద్దామని, దాని వివరాలన్నీ ఉండే ఫైలు ఒకటి ప్రాక్ డైరెక్టరీలో ఉంటే దాన్ని తెరిచాను. ప్రతి భాగం ఎదురుగా డీ0, డీ0 అనే ఉంది, అంటే నిద్రే లేదు. మళ్లీ తెరిచాను, మళ్లీ డీ0. నాలుగోసారి తెరిచినప్పుడు గాని చెవికి ఎక్కలేదు: ఫైలు తెరిచిన ప్రతిసారీ స్పీకరులో 'టప్'మంటోంది. ఆ వివరాలు చెప్పాలంటే డ్రైవరు కోడెక్‌ను లేపి అడగాలి కదా! నిద్రపోతున్నావా అని తట్టి అడిగితే ఎవరైనా లేదనే అంటారు. లేపకుండా తెలుసుకోవడానికి సిస్ డైరెక్టరీలో వేరే లెక్క ఉంది. కోడెక్ ఎన్ని మిల్లీసెకన్లు మెలకువగా ఉందో, ఎన్ని మిల్లీసెకన్లు నిద్రలో ఉందో రెండు అంకెలుగా అక్కడ పెరుగుతూ ఉంటుంది. దాన్ని చదివితే చప్పుడు రాదు.

జూన్ 10, మంగళవారం రాత్రి

ఎప్పుడు వస్తోందో తెలిసింది; ఎందుకు వస్తోందో కూడా కళ్లతో చూడాలనిపించింది. డిజిటల్ మల్టీమీటరు అంకెలు మారేలోపే ఆ కుదుపు అయిపోతుంది కనుక, పాలిటెక్నిక్ రోజుల నాటి నా సూది మల్టీమీటరును అటక మీంచి దింపి, కొన తెగిన ఆడియో తీగ ఒకదాన్ని ఆకుపచ్చ జాక్‌లో గుచ్చి, లోపలి తీగకు ఎర్ర ప్రోబు, పైన అల్లికగా ఉన్న తీగకు నల్ల ప్రోబు పట్టించి, డీసీ 2.5 వోల్టుల మీద పెట్టాను. శబ్దపు ఫైలు మొదలు కాగానే సూది ఒక్కసారి కుడికి ఎగిరి, ఆ తరువాత తీరిగ్గా వెనక్కి వాలింది. మాట నడుస్తున్నంతసేపూ సున్నా దగ్గరే సన్నగా వణికింది. ఆరో సెకనుకు ఎడమ వైపున ఉన్న ఆపుడు పుల్లకు ఠక్కున కొట్టుకుంది. ప్రోబులు అటుది ఇటు మార్చి చూస్తే, ఈసారి లేచేటప్పుడు పుల్లకు కొట్టుకుని, నిద్రపోయేటప్పుడు కుడికి ఎగిరింది. అంటే లేచినప్పుడు వచ్చే కుదుపూ నిద్రపోయేటప్పుడు వచ్చే కుదుపూ ఒకదానికొకటి తలకిందులు.

కోడెక్‌కు ధన సరఫరా ఒక్కటే ఉంటుంది, రుణ సరఫరా ఉండదు కనుక, లోపల శబ్ద తరంగం సున్నాకు అటూ ఇటూ కాకుండా, ఆ సరఫరాలో సుమారు సగం దగ్గర నిలిపిన ఒక మట్టానికి అటూ ఇటూ ఊగుతుంది. ఆ నిలకడ వోల్టేజి స్పీకర్లకు పోకుండా జాక్‌కూ కోడెక్‌కూ మధ్య కెపాసిటర్లు అడ్డంగా ఉంటాయి. టార్చి వేసి చూస్తే నా బోర్డు మీద జాక్‌ల వెనుక అవి వరుసగా కనిపించాయి. నిలకడగా ఉన్నదాన్ని కెపాసిటరు ఆపుతుంది, మారుతున్నదాన్ని వదులుతుంది. కోడెక్ నిద్రలేచినప్పుడు ఆ మట్టం సున్నా నుంచి పైకి లేస్తుంది, నిద్రపోయినప్పుడు కిందకు పడుతుంది. ఆ లేవడమూ పడడమూ మార్పే కనుక కెపాసిటరు వాటిని అవతలికి దాటించేస్తుంది. అవతల ఉన్నవి తమ సొంత అడాప్టరుతో ఎప్పుడూ మెలకువగా ఉండే స్పీకర్లు, కాబట్టి అవి దాన్ని కూడా శ్రద్ధగా పెద్దది చేసి వినిపిస్తాయి. మట్టాన్ని మెల్లగా ఎక్కించి దింపే ఏర్పాటో, ఆ క్షణంలో అవుట్‌పుట్‌ను మూసి ఉంచే ఏర్పాటో ఉన్న బోర్డుల్లో ఈ బాధ వినిపించదు. నా బోర్డులో అది లేదో, ఉన్నా డ్రైవరుకు దాన్ని వాడడం తెలియదో.

ఈ చప్పుడు సంగతి లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను రాసేవాళ్లకు తెలియనిది కాదు. పవర్ సేవ్ గురించి కెర్నెల్ పత్రాల్లోనే, స్థితి మారేటప్పుడు చప్పుడు రావచ్చనీ, లేవడానికి కొంత సమయం పట్టవచ్చనీ, వీటిని సరిచేయడం చాలావరకు కష్టమే కనుక చేతిలో దాన్ని సరిచేసే ప్యాచ్ (కోడ్ సవరణ) ఉంటే తప్ప ఫిర్యాదు పంపవద్దనీ రాసి, చివర ఒక కన్నుగీటే బొమ్మ పెట్టారు. చప్పుడు ఎక్కువగా ఉందని తేలిన కొన్ని బోర్డుల పేర్లను డ్రైవరులోనే ఒక జాబితాగా పెట్టి, వాటికి ఈ నిద్రను మొదటి నుంచీ ఆపేస్తారు కూడా. నా బోర్డు ఆ జాబితాకు ఎక్కలేదు.

జూన్ 14, శనివారం

పవర్ సేవ్‌ను సున్నా చేశాను. మొదటి ప్రయత్నం 'అనుమతి లేదు' అని తిరిగొచ్చింది: ముందు నిర్వాహకుడి హక్కులిచ్చే సుడో పెట్టినా, సున్నాను ఫైలులోకి మళ్లించే పని నా ఆదేశాలు అందుకునే మామూలు షెల్లే చేస్తుంది కనుక దానికి హక్కు ఉండదు. టీ అనే ఆదేశం ద్వారా పంపితే వెళ్లింది. చప్పుడు ఆగింది. నాన్నగారు రెండు గంటలు విన్నారు, ఒక్క మొట్టికాయ కూడా పడలేదు.

సున్నా శాశ్వతంగా ఉండాలని, మాడ్యూళ్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ డైరెక్టరీలో ఒక ఫైలు రాసి యంత్రాన్ని మళ్లీ ఆన్ చేస్తే విలువ మళ్లీ 1. ఆ డైరెక్టరీలో ఫైలు పేరు చివర 'కాన్ఫ్' అని లేకపోతే ఎవరూ దాన్ని చదవరని గుర్తొచ్చి పేరు మార్చాను. అయినా 1. అక్షరదోషం ఉందేమోనని మూడుసార్లు చూశాను, లేదు. ఎవరో నా తరువాత వచ్చి రాస్తున్నారు. ఆ ఎవరో నేనే: నా ల్యాప్‌టాప్‌లో అలవాటైన టీఎల్‌పీ అనే విద్యుత్ పొదుపు ప్రోగ్రామును, ఈ డెస్క్‌టాప్ సిద్ధం చేసిన రోజున చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ ఇందులోనూ పెట్టేశాను. అది బూట్ అయిన ప్రతిసారీ గోడ ప్లగ్ మీద నడిచేటప్పటి శబ్ద పొదుపు విలువగా 1 రాసి వెళ్తోంది. దాని సెట్టింగుల ఫైలులో ఆ విలువను సున్నా చేయడంతో తగువు తీరింది. బ్యాటరీయే లేని యంత్రానికి అసలు టీఎల్‌పీ ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

నాన్నగారికి కనిపించనిది, నాకు ఫోను రికార్డులో కనిపించింది ఇంకొకటి ఉంది. చప్పుడు పోయినా, చాలాసేపటి తరువాత చదివే మొదటి మాటలో 'అ' అప్పుడప్పుడూ సగం తెగుతోంది. కోడెక్ మెలకువగానే ఉంది, పైన వైర్‌ప్లంబర్ మాత్రం 5 సెకన్లకు పరికరాన్ని మూసి, అవసరమైనప్పుడు మళ్లీ తెరుస్తూనే ఉంది. ఆ గడువును సున్నా చేస్తే మూయడం ఆగుతుంది. ఎలా చేయాలో వెతికి, దొరికిన పద్ధతి ప్రకారం ఫైలు రాసి పెడితే ఏ మార్పూ లేదు, పోనీ తప్పని చెప్పే సందేశమైనా లేదు. దీనికి కారణం తెలిసేసరికి రాత్రి పదకొండైంది. వైర్‌ప్లంబర్ 0.5 వెర్షను నుంచి సెట్టింగుల ఫైళ్ల రూపమే మారిపోయింది, ఉబుంటు 24.04లో ఉన్నది 0.4, దానికి లువా భాషలో రాసిన ఫైలు వేరే డైరెక్టరీలో కావాలి. కొత్త రూపంలో రాసిన ఫైలును పాత వెర్షను చూడను కూడా చూడదు. లువాలో తిరగరాసి, వైర్‌ప్లంబర్‌ను ఒకసారి ఆపి నడిపాక, ఆల్సా స్థితి ఫైలులో 'క్లోజ్డ్' అన్న మాట మళ్లీ కనిపించలేదు.

ఆ గడువును అన్ని పరికరాలకూ సున్నా చేయలేదు. ఆకుపచ్చ జాక్‌కు మాత్రమే పేరు పెట్టి చేశాను. మానిటరుకు పోయే హెచ్‌డీఎంఐ శబ్దాన్ని ఇంట్లో ఎవరూ వినరు, అది హాయిగా నిద్రపోవచ్చు.

జూన్ 15, ఆదివారం

పెరంబూరులో ఉండే తమ్ముడు వచ్చాడు. వాడి విండోస్ కంప్యూటరులోనూ ఇదే చప్పుడట. "అక్కా, స్పీకర్లు మార్చేద్దామనుకుంటున్నాను" అంటే ఆగమని చెప్పి, దూరం నుంచే వాడి యంత్రంలోకి వెళ్లి చూశాను. విండోస్‌లో ఈ గడియారం, సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ఉంటుంది: శబ్ద పరికరాల తరగతి కింద, ఆ డ్రైవరుకు చెందిన అరలో 'పవర్ సెట్టింగ్స్' అనే కీ, అందులో మూడు విలువలు. బ్యాటరీ మీద ఎంతసేపటికి నిద్రపోవాలో ఒకటి చెబుతుంది, గోడ ప్లగ్ మీద ఎంతసేపటికో ఒకటి, నిద్ర ఎంత గాఢంగా ఉండాలో మూడోది. గోడ ప్లగ్ విలువను, అంటే 'పెర్ఫార్మెన్స్ ఐడిల్ టైమ్'ను, సున్నా చేసి రీస్టార్ట్ చేస్తే చాలింది. ముట్టుకునే ముందు ఆ కీని ఎగుమతి చేసి దాచుకున్నాం. డ్రైవరు నవీకరణ వచ్చినప్పుడు ఈ విలువ పాతదానికే తిరిగిపోయే అవకాశం ఉంది కనుక, మార్చిన కీని కూడా వేరే ఫైలుగా వాడి డెస్క్‌టాప్ మీదే ఉంచాను.

పొదుపు మానేస్తే కరెంటు బిల్లు పెరగదా అని అమ్మ అడిగింది. ప్లగ్‌కు పెట్టే వాట్ మీటరులో పవర్ సేవ్ 1 గా ఉన్నప్పటికీ సున్నాగా ఉన్నప్పటికీ నాకు తేడా కనిపించలేదు. మీటరు చూపలేనంత చిన్నదని అర్థం. ఉదారంగా అర వాటు అనుకుని, యంత్రాన్ని ఏడాది పొడుగునా ఆపనే ఆపలేదనుకున్నా, 8,760 గంటలకు అయ్యేది 4.38 యూనిట్లు. బ్యాటరీ మీద బతికే ల్యాప్‌టాప్‌లో అయితే ఈ పొదుపును నేను ముట్టుకోను, మహా అయితే 1 ని 60 చేస్తాను.

జూన్ 22, ఆదివారం

వారం గడిచింది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒకసారీ, యంత్రం ఆన్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ చప్పుడు వస్తూనే ఉంది, మట్టం ఒకసారైనా లేవాలి, ఒకసారైనా పడాలి కదా. మిగతా రోజంతా లేదు. పాత శీర్షికను వెతికి పట్టి, పది నిమిషాల నిశ్శబ్దం తరువాత వినిపించాను. "అసంపూర్తిగా" అని నిండుగా పలికింది. నాన్నగారు కాసేపు ఊరుకుని, "అయితే ఆ ఇద్దరికీ నేను మళ్లీ ఫోన్ చేయాలన్నమాట" అన్నారు.

ఒక కొత్త సంగతి మాత్రం బయటపడింది. కోడెక్ నిద్రపోవడం మానేసింది కనుక, రాత్రి ఫ్యాను ఆపినప్పుడు స్పీకర్లలో సన్నగా 'స్' అన్న శబ్దం ఎడతెగకుండా వినిపిస్తోంది. ఇంతకు ముందు ఆరు సెకన్లకు అదీ చప్పుడుతోపాటే మాయమయ్యేది. స్పీకరు గుండీ తగ్గించి, కంప్యూటరులో శబ్దం పెంచితే అది చాలావరకు అణుగుతుంది, అలా తగ్గించబోయాను. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"దాన్ని ఉండనివ్వమ్మా. అది వినిపిస్తోందంటే కంప్యూటరు ఆన్‌లో ఉన్నట్టు. లేకపోతే నేను ప్రతిసారీ లేచి పెట్టెను తడిమి చూసుకోవాలి."

గుండీని ఎక్కడ ఉన్నదక్కడే వదిలేశాను.